వార్పులో నాలుగో చీర

ముందుగా ఎవరికీ చెప్పకుండా, కాగితం మీద గీసుకోకుండా, ఏ సంచి ఎవరు మోయాలో తేల్చకుండా నా చిన్ననాటి స్నేహితురాలు చేసిన ప్రయాణం ఒక్కటే. అది మొన్నీమధ్య జరిగింది. మధ్యాహ్నం అన్నం తిని, "రవ్వంతసేపు నడుం వాలుస్తా" అని కోడలితో చెప్పి పడుకుంది. మళ్లీ లేవలేదు. నొప్పీ బాధా లేకుండా తీసుకుపోయినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. నాకు ఒక్క మాటైనా చెప్పకుండా పోయినందుకు ఆమె మీద కోపం కూడా వచ్చింది. అయినా, చెప్పి ఉంటే తారీకు కనీసం మూడుసార్లు మార్చి ఉండేది.

పదకొండో రోజు హిందూపురం నుంచి రైల్లో ధర్మవరంలో ఆమె ఇంటికి వెళ్లాను. భోజనాలయ్యాక ఆడవాళ్లమంతా మగ్గం గదిలో కూర్చున్నాం. మగ్గానికి ఎదురుగా గోడ మీద అద్దం కట్టించిన ఫోటో ఒకటి ఉంది. అందులో ముగ్గురం ఉన్నాం. పెనుకొండ సరోజ, కొత్తచెరువు నాగరత్న, నేను. ముగ్గురికీ ఒకటే చీర, వంకాయ రంగుకు పచ్చ అంచు. వెనకాల బెంగళూరు లాల్‌బాగ్‌లోని గాజు మేడ. సరోజ, నాగరత్న దహనం రోజే వచ్చి పోయారు. ఫోటోలో ఉన్నవాళ్లలో ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే.

ఆమె ఆడబిడ్డ గోరంట్ల నుంచి వచ్చింది. ఆకువక్క నములుతూ చాలాసేపు ఆ ఫోటో చూసింది. తర్వాత ఎవరితోనూ కాదన్నట్టు గోడ వైపు తిరిగి అంది. "మా వదిన బెంగళూరు పోయినా, బెంగళూరు పోయినా అని వీధంతా చెప్పుకుంటాండె. పోయుంటే ఈ ఫోటోలో యాడుండాది?"

విస్తరాకులు తీస్తున్న కోడలు అక్కడే నిలబడిపోయింది. "ఫోటో తీసిందే మా అత్త గదా గోరంట్లత్తా. తీసే మనిషి ఫోటోలో యాడ కనపడతాది?"

"తీసిందని ఎవరు చూసినారు?"

కోడలి ముఖం ఎర్రబడింది. ఆ పిల్ల కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్త చెప్పిన బెంగళూరు కబుర్లు వింటూ పెరిగిందనే చెప్పాలి. పుట్టింటి వాళ్ల దగ్గర, వీధిలోవాళ్ల దగ్గర అవే కబుర్లు గర్వంగా చెప్పుకుంది. ఇప్పుడు నా వైపు తిరిగింది. "హిందూపురం అత్తా, నువ్వు చెప్పు. అబద్ధం నోట రాని మనిషివని మా అత్త ఎప్పుడూ చెప్తాండె. ఆ ఫోటో మా అత్తే తీసింది గదా?"

పదిహేను మంది నా నోటి వైపు చూశారు. చనిపోయిన మనిషి మాట నిలబడటం, పడిపోవడం నా చేతిలోకి వచ్చింది.

చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి రెండు నేర్పాడు. ఒకటి అక్షరాలు, రెండోది అబద్ధమాడకపోవడం. ఆ రెండింటికీ ఆయనకు రోజూ కృతజ్ఞత చెప్పుకుంటూ ఇన్నేళ్లు బతికాను. ఆ మధ్యాహ్నం మాత్రం రెండో పాఠం దగ్గర ఆయన కొంచెం కునుకు తీసి ఉంటే బాగుండేదనిపించింది.

"గొంతు ఆరిపోతాంది. కాసిన్ని నీళ్లియ్యి తల్లీ" అన్నాను. కోడలు వంటింట్లోకి పోయింది. నీళ్ల చెంబు వచ్చేలోపు పోయిన మనిషి మొత్తం నా కళ్ల ముందు తిరిగింది.

మేం నలుగురం పెనుకొండలో ఒకే వీధి పిల్లలం. పెళ్లిళ్లయ్యాక ఆమె ధర్మవరంలో నేతపని ఇంటికి, నేను హిందూపురానికి, నాగరత్న కొత్తచెరువుకు పోయాం. సరోజ ఉన్న ఊళ్లోనే వీధి మారింది. ధర్మవరమామె మాకంటే ఒక్క ఏడాది పెద్ద. ఆ ఒక్క ఏడాదినీ చివరిదాకా మాకు మాఫీ చేయలేదు. బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ ఎనిమిది తరగతులనూ నలభై ఏళ్లు వాడుకుంది. నేను ఏదైనా అడ్డం చెబితే కుడిచెయ్యెత్తి, అరచెయ్యి నా ముఖం ముందు పెట్టి, "ఆగు మే. ఇది బడికి పోయినోళ్లకు తెలుస్తాది" అనేది. ఆ అరచేతి గీతలు నాకు కంఠతా వచ్చు. ఆయుష్షు గీత పొడుగ్గానే ఉండేది.

పదేళ్ల వయసులో మమ్మల్ని పెనుకొండ కొండ మీది కోటకు తీసుకుపోతానని బయల్దేరదీసింది. బొగ్గుతో మా అరుగు మీద దోవ గీసింది. ఎవరు ముందు నడవాలి, ఎవరు బొరుగుల మూట పట్టుకోవాలి, ఎక్కడ ఆగి నీళ్లు తాగాలి, అన్నీ చెప్పింది. కొండ కిందికి పోయాక మొదటి మెట్టు పక్కన ఉన్న బండ మీద కూర్చుంది.

"మీరు పోయి రాండి. కింద నుంచి చూస్తేనే దోవ బాగా కనపడతాది. నేను చెప్తాంటా."

చెప్పింది. మేం పైకి పోయినంత దూరమూ "ఎడమకు, ఎడమకు, అయ్యో ఆ ఎడమ కాదు మే" అని కింద నుంచి ఆమె గొంతు వస్తూనే ఉంది. ఇంటికొచ్చాక పై నుంచి ఊరు ఎట్లా కనపడిందో వాళ్లమ్మకు ఆమే చెప్పింది. నిజం చెప్పాలంటే, ఎక్కి చూసిన మాకంటే బాగా చెప్పింది. వాళ్లమ్మ మా ముగ్గురికీ తలో బెల్లం ముక్క ఇచ్చి, ఆమెకు రెండిచ్చింది.

అట్లాంటి మనిషి చేతికి నలభై ఏళ్ల తర్వాత ఫోను వచ్చింది. వాట్సాప్‌లో మా నలుగురికీ ఒక గ్రూపు పెట్టి, "మొగుళ్లు లేకుండా, పిల్లలు లేకుండా, శని ఆదివారాలు రెండు రోజులు బెంగళూరు" అని ప్రకటించింది. రాయడం ఆమెకు బద్ధకం. వాయిస్ మెసేజీలు పంపేది. వెనకాల మగ్గం టకటకలాడుతుంటే, "అందరూ వింటాండారా?" అని మొదలుపెట్టి, మేం జవాబు చెప్పడానికి కాస్త వ్యవధి కూడా ఇచ్చి, తర్వాత సంగతిలోకి వచ్చేది. నేను వంటింట్లో ఒక్కదాన్నే ఉండి కూడా "ఆఁ" అనేదాన్ని. అనకపోతే ఆమెకు తెలిసిపోతుందేమోనని భయం.

ప్రయాణాన్ని ఆమె డిజైను కాగితం మీద గీసింది. చీర అంచుకు పువ్వులూ హంసలూ గీసుకునే సన్న గళ్ల కాగితం వాళ్లింట్లో కట్టలు కట్టలు ఉండేది. ఎడమ అంచు శనివారం, కుడి అంచు ఆదివారం. ఒక్కో గడికి పావుగంట. కిటికీ పక్కన గౌరీబిదనూరు దాకా ఎవరు, తర్వాత ఎవరు. చిత్రాన్నం డబ్బా దొడ్డబళ్లాపురం దాటాకే విప్పాలి. కింద కొంగు ఉండాల్సిన చోట పెద్ద అక్షరాలతో 'ఫోటో' అని రాసింది.

"చీరను జనం కొంగు చూసి కొంటారు. మనం పోయొచ్చినామంటే ఫోటో చూసి నమ్ముతారు. ఫోటో లేకపోతే పోనట్టే లెక్క" అంది.

ఫోటో అంటే నలుగురికీ ఒకటే చీర ఉండాలి. ఆ చీర బజార్లో కొంటే ఆమె పరువేం కాను? వాళ్లాయన మగ్గం మీదే దిగాలి. మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు పోగులను వార్పు అంటారు. వాళ్లింట్లో ఒక వార్పుకు నాలుగు చీరలు దిగేవి. కాబట్టి మనుషులూ నలుగురే. ఈ సంగతి తెలిసి గోరంట్ల నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, నేనూ వస్తా. ఇంతవరకూ నేను బెంగళూరు చూడనే లేదు" అని అడిగింది. ఈమె క్షణం కూడా ఆలోచించలేదు.

"వార్పులో చీర లేదమ్మా."

అంతే. ప్రపంచంలో ఎవరైనా రైల్లో చోటు లేదంటారు, బండిలో చోటు లేదంటారు. వార్పులో చోటు లేదని ఒక మనిషిని వదిలేసింది ఈమె ఒక్కతే. ఆడబిడ్డ ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోయే మాట కాదు.

చీరలు దిగడానికి నెలలు పట్టింది. దిగాక మా చేతికివ్వలేదు. "మీకిస్తే ముందే ఏ పెళ్లికో కట్టేస్తారు" అని రవికలు కూడా తనే కుట్టించి, నాలుగూ తన పెట్టెలోనే పెట్టుకుంది. ఆ తర్వాత తారీకులు మొదలయ్యాయి. ఒకసారి ఆషాఢం అంది. ఒకసారి బెంగళూరులో వాన అంది. ఇంకోసారి సరోజ మనవడికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గినా, "తగ్గిన పిల్లోడికి మళ్లీ వస్తే?" అంది. ఆమెతో మాట్లాడే ముందు ఇట్లాంటి స్నేహితురాలిని ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. మాట్లాడాక, ఓపిక కూడా ఇచ్చినందుకు ఇంకోటి పెట్టుకునేదాన్ని.

నా సంగతీ చెప్పాలి. మా అత్తగారు అప్పటికి రెండేళ్లుగా మంచంలో ఉంది. పెళ్లయినప్పటి నుంచి ఇంటివాళ్లు పక్కన లేకుండా నేను ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. ఇది నేను కష్టంగా చెప్పుకోవడం లేదు. మంచి ఇల్లు, మంచి మనుషులు. కానీ ఎప్పుడైనా ఒక్కసారి, ఎవరికీ అన్నం వడ్డించకుండా, ఎవరికీ మాత్ర గుర్తుచేయకుండా, ఈ ముగ్గురి పక్కన కూర్చుని పోతున్న రైలు కిటికీలోంచి చూడాలని ఉండేది. మా ఇంటాయన, "ఒకసారి పోయిరా. మా చెల్లెలొచ్చి అమ్మను చూసుకుంటుంది" అన్నాడు. ఆ ఒకసారి అనే మాటను నేను పూజగదిలో పెట్టుకున్నంత జాగ్రత్తగా దాచుకున్నాను.

చివరికి తారీకు కుదిరింది. ఆమె, నాగరత్న ధర్మవరంలో ఎక్కాలి. కొత్తచెరువు పక్కనే రైలు ఆగుతుంది. అయినా పాపం నాగరత్న బస్సెక్కి వెనక్కి ధర్మవరం పోయి మరీ ఎక్కింది. ప్లానులో అట్లా ఉంది. పెనుకొండలో సరోజ. హిందూపురంలో నేను. ఆ పొద్దున మా ఆడబిడ్డ ఫోన్ చేసి, "ఒళ్లు బాగలేదు, రాలేను వదినా" అంది. నేను సంచి విప్పేసి, అత్తగారికి ఫలహారం పెట్టి, రాలేనని స్నేహితులకు ఎదురుగా చెబుదామని ఉత్త చేతులతో స్టేషనుకు పోయాను. దోవలో ఏడుపు రాకుండా ఉండటానికి విష్ణు నామాలు చదువుకున్నాను.

రైలు ఆగుతుండగానే తలుపు దగ్గర ఆమె కనపడింది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఉంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. రైలు పూర్తిగా ఆగగానే, భుజాన సంచితో సహా, నేను నోరు తెరవకముందే కిందికి దిగింది. ఈ వరస నేను ఎవరికీ చెప్పలేదు. ముందు దిగింది. తర్వాతే నా మాట విన్నది.

"ఏం మే, నీ సంచి ఏది?"

"నేను రాలేను మే. మా ఆడబిడ్డ రాలేదు. అత్తకు మందులిచ్చేటోళ్లు లేరు. చెప్పిపోదామని వచ్చినా."

అరచెయ్యి నా ముఖం ముందుకు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. అడగకుండానే వరం దొరికినట్టు ఊపిరి వదిలింది.

"అట్లైతే నువ్వెక్కు. మీ అత్తను నేను చూసుకుంటా."

"నువ్వా? ప్లానంతా నీదైతే, నువ్వు లేకుండా మేం యాడికి పోతాం?"

"గీసినోళ్లే నేయాలని యాడన్నా ఉందా? మా ఇంట్లో గీసేది నేను, నేసేది మా ఆయన. ఇదిగో నా బట్టల సంచి. పట్టుచీరలు నాగరత్న దగ్గర ఉండాయి. కాగితం సరోజ దగ్గర ఉండాది. ఎక్కు మే, గడి దాటిపోతాంది."

రైలు ఇంకా ఆగే ఉంది. "నువ్వూ ఎక్కు, అత్త సంగతి ఎట్లనో మా ఆయనే చూస్తాడులే" అన్నాను. నన్ను వీపు మీద చెయ్యేసి నెట్టింది. నేను ఎక్కుతూ ఆమె వదిలిన కడ్డీ పట్టుకున్నాను. కడ్డీ తడిసిపోయి ఉంది. వాన లేదు, మంచు లేదు. ఆమె చేతుల చెమట.

అప్పుడు అర్థమైంది నాకు. హిందూపురం దాటితే కర్ణాటక. ఆమె అంతవరకూ వచ్చింది. కొండ కింద మొదటి మెట్టు దాకా వచ్చినట్టే వచ్చింది. రైలు కదిలాక పక్కన నడుస్తూ, "చిత్రాన్నం దొడ్డబళ్లాపురం దాటినాకనే" అని అరిచింది. ప్లాట్‌ఫారం అయిపోయేవరకూ ఆమె చెయ్యి మాకు దోవ చూపిస్తూనే ఉంది.

రెండు రోజులూ బెంగళూరును ఆమె ఫోనులో నడిపింది. చీరల బేరానికి వచ్చే పాతకాలపు వ్యాపారుల దగ్గర నేర్చుకున్న బెంగళూరు అది. "ఇప్పుడు ఎడమకు తిరగండి, చింతచెట్టు కనపడతాది" అనేది. చింతచెట్టు ఉండాల్సిన చోట మెట్రో స్తంభం ఉండేది. "చెట్టు లేదు మే" అని సరోజ అంటే, "సరిగా చూడండి. చెట్టు యాడికి పోతాది?" అని గద్దించేది. ఆమె రవికలు నాకు రెండింతలు. భుజాలు జారుతున్న రవికతో, చెవి దగ్గర ఆమె గొంతుతో, నేను జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషంగా నడిచాను. చిత్రాన్నం మాత్రం గౌరీబిదనూరులోనే తినేశాం. ఆ సంగతి ఆమెకు చచ్చేదాకా చెప్పలేదు. అడగలేదు కాబట్టి అది అబద్ధం కాదు.

ఆదివారం ముగ్గురమూ వంకాయ రంగు చీరలు కట్టుకున్నాం. కట్టుకుని ఒక పెద్ద పట్టుచీరల అంగట్లోకి పోయాం, ఊరికే చూద్దామని. లోపలికి పోయిన క్షణం నుంచి జనం మా వెంట పడ్డారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, కన్నడంలో, పెళ్లికూతురికి ఎర్రచీరలు ఎటువైపు అని అడిగింది. ఇంకొకాయన నాగరత్నను నీళ్లు తెమ్మన్నాడు. ఒకేరకం చీర కట్టుకున్న ముగ్గురు ఆడవాళ్లు అంగట్లో నిలబడితే ఎవరనుకుంటారు? ఇంత పెద్ద ప్లానులో, ఇన్ని గళ్లలో, ఆ ఒక్క ఆలోచన ఆమెకు రాలేదు. పనిపిల్లలం కామని నేను నిజం చెప్పబోతుంటే, సరోజ అప్పటికే ఎవరికో చీర విప్పి జరీ చూపిస్తూ ఉంది. అమ్మేసింది కూడా.

ఫోన్లో ఈ సంగతి విని ఆమె నవ్వలేదు. "ఏ రంగు అమ్మినావు?" అని అడిగింది.

లాల్‌బాగ్‌లో ఫోటో తీయించుకున్నాం. కీరకాయలు కోసి అమ్మే పెద్దాయన ఒకడు, గుండ్రటి ఎండ టోపీ పెట్టుకుని ఉన్నాడు. బుట్ట కింద పెట్టి నా ఫోను తీసుకున్నాడు. సరోజ ఫోన్లో ఆమె గొంతు. "హిందూపురమామె మధ్యలో. కొంగు ముందుకు పరవండి, పచ్చ అంచు కనపడాల. నాగరత్నా, నోరు మూసి నవ్వు." తెలుగు అర్థం కాకపోయినా ఆయన ఆ గొంతుకు భయపడి నిటారుగా నిలబడి తీశాడు. నాలుగో చీర నాగరత్న భుజాన సంచిలో మడతపెట్టి ఉంది. అది బెంగళూరు చూసింది. కట్టుకోవాల్సిన మనిషే చూడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే నా వంటింట్లో ఒక్క డబ్బా పాత చోట లేదు. ఆవాలు దొరకడానికి నాకు వారం పట్టింది. మా అత్తగారు మాత్రం రెండేళ్లలో ఎన్నడూ లేనట్టు దిండుకు ఆనుకుని లేచి కూర్చుని ఉంది.

"ఆ పిల్ల నాకు బెంగళూరంతా చూపించింది మే" అంది. "చింతచెట్టు కొట్టేసినారంట గదా."

ఫోన్లో మేం చెప్పిన ప్రతి ముక్కా ఆమె మంచం పక్కన కూర్చుని మా అత్తగారికి చెప్పింది. చెట్లు, స్తంభాలు, అంగడి, సరోజ చీర అమ్మడం, అన్నీ. గడి గడికీ మాత్రలు కూడా వేసింది. నేను ఆమె చేతులు పట్టుకుని థాంక్స్ చెబుదామనుకున్నాను. ఆమె ఆ చేతులు కొంగులో దాచుకుంది.

"మా ఇంట్లో నేనూ బెంగళూరు పోయినానని చెప్తా. ఫోటో తీసింది నేనేనని చెప్తా. నువ్వు కాదనద్దు."

"నాకు అబద్ధం రాదని తెలుసు గదా."

"తెలుసు. అందుకే నిన్ను ఎవరూ అడక్కుండా నేను చూసుకుంటా."

చూసుకుంది. బతికున్నంతకాలం ఒక్కరు కూడా నన్ను అడగకుండా చూసుకుంది. మాట ఎటు పోయినా అరచెయ్యి అడ్డం పెట్టి తిప్పేసేది. ఇప్పుడు ఆ చెయ్యి లేదు.

కోడలు నీళ్లు తెచ్చింది. తాగాను. చెంబు కింద పెట్టాను.

"ఆమే తీసింది" అన్నాను.

ఇంత సులువుగా వస్తుందని నాకు తెలియదు. గదిలో ఎవరో నిట్టూర్చారు. కోడలు పైట అంచుతో కళ్లు తుడుచుకుంది. ఆడబిడ్డ వదల్లేదు. "అట్లైతే ఆ నాలుగో చీర తీయి చూస్తాం" అంది. కోడలు పెట్టెలోంచి తెచ్చింది. నేత ఇళ్ల ఆడవాళ్లు. చీర విప్పకుండానే మడత మీద వేలు నడిపి చూస్తే చాలు, వాళ్లకు తెలిసిపోతుంది. ఆడబిడ్డ వేలు నడిపింది. పక్కామెకిచ్చింది. ఆమె కూడా నడిపి తల ఊపింది.

"మగ్గం మీంచి దిగిన మడత. ఒంటికి తగల్లేదు ఇది. అందరూ కట్టుకున్న చీర మా వదిన ఎందుకు కట్టుకోలేదక్కా?"

"ఫోటో తీసేటోళ్లు వంగాల, లేవాల. పట్టుచీరతో యాడైతాది? నూలు చీరతోనే తీసింది."

ఆడబిడ్డ లేచి ఫోటో దగ్గరికి పోయింది. అద్దం మీద, మా కాళ్ల ముందు, వేలు పెట్టింది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడనిది అక్కడ ఉంది. నేల మీద, తీసిన మనిషి నీడ. పొడుగ్గా, తల మీద గుండ్రటి టోపీతో.

"మా వదిన ఎప్పటి నుంచి టోపీ పెట్టుకుంటాంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కోడలు నవ్వలేదు. నా వైపే చూస్తోంది. నా అరచేతులు తడిసిపోయాయి.

"ఎండ జాస్తి ఉండింది. ఆడ ఒక కీరకాయలాయన దగ్గర అడిగి పెట్టుకుంది. మేం వద్దంటే, బడికి పోయినోళ్లకు తెలుస్తాది అనింది."

ఈసారి గది మొత్తం నవ్వింది. ఆ మాట ఆమెదేనని అందరికీ తెలుసు. ఆడబిడ్డ ఒక్కతే నవ్వకుండా నన్ను చూసింది. ఆమెకు తెలిసిపోయింది. తెలిసిందని నాకూ తెలిసిపోయింది. వార్పులో చీర లేదని వదిలేసిన మనిషి మీద పగ తీర్చుకునేందుకు ఆమెకు ఇంకొక్క మాట చాలు. ఆ మాట రాకముందే నేను మాట్లాడాను.

"ఆ చీర నీకేనంట."

"ఎవరన్నారు?"

"ఆమే. ఈసారి పోయినప్పుడు నాలుగో మనిషి నువ్వేనని కాగితం మీద కూడా గీసింది."

ఆడబిడ్డ నోట్లో ఆకువక్క నమలడం ఆగిపోయింది. పక్కామె ఒళ్లోంచి చీర తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. పచ్చ అంచు మీద చెయ్యి అటూ ఇటూ ఆడించింది. చాలాసేపటికి తలెత్తి ఫోటో వైపు చూసింది.

"టోపీ పెట్టుకున్నా బాగనే తీసింది" అంది. "ఎవురి తలా తెగలేదు."

కోడలు మళ్లీ విస్తరాకులు తీయడంలో పడింది. ఇద్దరు ముగ్గురు ఫోటో దగ్గరికి పోయి ఆ నీడను వేలితో తాకి దండం పెట్టుకున్నారు. కీరకాయలాయన ఎక్కడున్నా చల్లగా ఉండాలని నేనూ పెట్టుకున్నాను.

సాయంత్రం కోడలు నన్ను స్టేషను దాకా ఆటోలో దింపింది. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది, దేవుడి దయ. పెనుకొండ కొండ కనపడినప్పుడు మా నాయనను తలుచుకుని, ఆయన నేర్పిన రెండో పాఠం గురించి క్షమించమని అడిగాను. ఆయనకు చెప్పడం అంత కష్టం కాలేదు. ఆయనకూ ఆమె తెలుసు.

హిందూపురంలో దిగుతూ తలుపు దగ్గర కడ్డీ పట్టుకున్నాను. వెనక దిగుతున్న అమ్మాయి నా తర్వాత అదే కడ్డీ పట్టుకుని, చెయ్యి తీసి తడి చూసుకుని, పైటకు తుడుచుకుంది.